విడివిడిగా సర్దిన సద్ది

పనికి పోవువారు వెంట గొనిపోవు భోజనమును చౌటుప్పలు ప్రాంతమున సద్ది అందురు. ఒకప్పుడది చెలకకు పోయెడిది. నేడు పరిశ్రమలకును, సుమారు 50 కిలోమీటర్ల దూరమునందలి హైదరాబాదు కార్యాలయములకును పోవుచున్నది.

తిండి విషయమున పట్టింపులుగల పెద్దవారున్న యింట ఈ సద్దియే నిత్యసమస్య. సాయంకాలము డబ్బా సగము నిండుగనే తిరిగివచ్చును. వండినవారి మనసు నొచ్చును; తినవలసినవారు పగలంతయు అర్ధాకలితో పనిచేయుదురు. దీనిని మొండితనమనుట న్యాయము కాదు. కొందరికి వాసన, కొందరికి మెత్తదనము, మరికొందరికి ఒక పదార్థము వేరొకదానితో కలిసిపోవుట సహింపదు. ఇట్టి విముఖత ఆరోగ్యమును చెరచునంత తీవ్రమైనచో దానిని రుగ్మతగా నెంచవలెనని, అది పెద్దలకును కలుగవచ్చునని 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘము తన రోగనిర్ణయ గ్రంథమున చేర్చినది. కావున బరువు తగ్గుచున్నవారిని వైద్యునకు చూపవలెను. తక్కినవారి విషయమున డబ్బా సర్దు పద్ధతిని మార్చి చూడవచ్చును.

జపానువారి బెంతో పెట్టెలో అన్నము, కూర, ఊరగాయ వేర్వేరు అరలలో కొద్దికొద్దిగా నుండును. మనకిది వింత కాదు. సద్దుల బతుకమ్మనాడు నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పెరుగు సద్ది, పులిహోర వేర్వేరుగా చేసి తలా కొంచెము పంచుట మన యాచారమే కదా!

మూడరల స్టీలు డబ్బాలో పెద్ద అరయందు నిస్సందేహముగ నచ్చునదే, అన్నముగాని జొన్నరొట్టెగాని, ఉంచవలెను. రెండవదానిలో బెండకాయ వేపుడు వంటి పొడికూర, మూడవదానిలో వేయించిన పల్లీలో, ఉడికించిన కోడిగుడ్డో పెట్టవచ్చును. పప్పుచారు, పచ్చిపులుసు, తొక్కు బిగువైన మూతగల చిన్న గిన్నెలలో వేరుగా పంపవలెను. క్రొత్త పదార్థము రెండు చెంచాలకు మించరాదు. తినకున్నచో నిలదీయక, కొన్ని దినములకు మరల పెట్టి చూడవలెను.

పొగలు పోకముందే మూత బిగించినచో ఆవిరి నీరై వేపుడును రొట్టెను తడుపును. అట్లని రాత్రి బయట మిగిలిన అన్నమును మరునాడు పెట్టరాదు. ఉడికినను చావని సూక్ష్మజీవి బీజములు అందులో మొలకెత్తి విషము పుట్టించును. మరల వేడిచేసినను ఆ విషము పోదు. పెరుగన్నము పులియకుండుటకు ఉదయమున అన్నములో గోరువెచ్చని పాలుపోసి చెంచాడు పెరుగు కలిపిన చాలును. మధ్యాహ్నమునకు కమ్మగా తోడుకొనును.

ఒక అరలో నేమి పెట్టవలెనో తినువారినే చెప్పనిండు. రాత్రి డబ్బా కడుగునపుడు ఏ అరలో నేమి మిగిలినదో గమనించినచో, మరునాటి సద్ది ఎట్లుండవలెనో దానివలననే తెలియును.