స్తంభమెక్కేవాడికి సంఘమే దన్ను
లైన్ క్లియర్ నుంచి నష్టపరిహారం దాకా.. విద్యుత్ కార్మిక సంఘాల శాఖలు పోరాడేది వీటి కోసమే

విద్యుత్ ఉద్యోగుల సంఘం డివిజన్ శాఖకు నూతన కార్యవర్గం ఎన్నికైందన్న వార్త జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తూనే ఉంటుంది. అధ్యక్ష, కార్యదర్శుల పేర్లు, పూలదండలతో ఒక ఫొటో, కింద నాలుగు డిమాండ్లు. ఖాళీలు భర్తీ చేయాలి, భద్రతా పరికరాలు ఇవ్వాలి, కాంట్రాక్టు కార్మికులను క్రమబద్ధీకరించాలి, ఈపీఎఫ్‌ను జీపీఎఫ్‌గా మార్చాలి. ఏళ్ల తరబడి ఇవే డిమాండ్లు పునరావృతం అవుతుండటంతో పాఠకుడు పేజీ తిప్పేస్తాడు. అయితే వాటిలో ప్రతి ఒక్కదాని వెనుకా కొన్ని కుటుంబాల కూడు ముడిపడి ఉంది. కొన్నింటి వెనుక ప్రాణాలే ఉన్నాయి.

ముందుగా సంఘాల పేర్ల సంగతి. 1104, 327 అని అంకెలతో వీటిని పిలవడం కొత్తవారికి వింతగా తోస్తుంది. అవి ట్రేడ్ యూనియన్ల చట్టం కింద నమోదైన రిజిస్ట్రేషన్ నంబర్లు. సంఘాల పేర్లన్నీ ఇంచుమించు ఒకేలా ఉండటంతో నంబరే పేరుగా స్థిరపడిపోయింది. వీటిలో 327 ఐఎన్‌టీయూసీకి అనుబంధం. సీఐటీయూ అనుబంధంగా యునైటెడ్ ఎలక్ట్రిసిటీ ఎంప్లాయీస్ యూనియన్ పనిచేస్తోంది. ఇంజినీర్లకు, అకౌంట్స్ సిబ్బందికి వేరే సంఘాలున్నాయి. పెద్ద సమస్య వచ్చినప్పుడు ఇవన్నీ జేఏసీగా ఏర్పడతాయి. సంస్థలో సెక్షన్, సబ్ డివిజన్, డివిజన్, సర్కిల్, కంపెనీ అన్న వరుస ఎలా ఉందో సంఘాల శాఖలూ దాదాపు అలాగే ఉంటాయి. ఏఈ దగ్గర తేలని విషయం డీఈ దగ్గరకు, అక్కడా తేలకపోతే ఎస్‌ఈ దగ్గరకు శాఖల ద్వారానే వెళుతుంది.

ఎల్‌సీ ఉంటేనే ఎక్కాలి

శాఖ సమావేశాల్లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్. 11 కేవీ తీగపై పని చేయాలంటే లైన్‌మన్ ముందుగా 33/11 కేవీ సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ను అనుమతి కోరాలి. ఆపరేటర్ ఆ ఫీడర్ బ్రేకర్‌ను ఆపి, ఐసొలేటర్‌ను విడదీసి, మనుషులు పనిలో ఉన్నారన్న బోర్డు తగిలించి, రిజిస్టర్‌లో నమోదు చేసిన తర్వాతే లైన్ క్లియర్ ఇవ్వాలి. పనిచోట లైన్‌మన్ డిశ్చార్జి రాడ్‌తో తీగను పరీక్షించి, తాను పనిచేసే చోటికి రెండు వైపులా ఎర్త్ చేసుకోవాలి. పని ముగిశాక మనుషులు, సామగ్రి అంతా దిగిపోయారని నిర్ధారించుకుని, ఎల్‌సీ తీసుకున్న వ్యక్తే దాన్ని తిరిగి ఇవ్వాలి.

కాగితం మీద ఇందులో లోపం లేదు. ఈదురుగాలికి నాలుగు ఊళ్లు చీకట్లో మునిగిన రాత్రి, సర్పంచి మొదలు అందరూ ఫోన్ చేస్తుంటే క్షేత్రంలో జరిగేది వేరు. ఎల్‌సీ ఫోన్లోనే అడుగుతారు, ఫోన్లోనే ఇస్తారు. ఒకే తరహా పేర్లున్న ఫీడర్లలో ఒకటి ఆపమంటే మరొకటి ఆగుతుంది. ఒకే ఫీడర్‌పై రెండు బృందాలు పనిచేస్తున్నప్పుడు మొదటి బృందం ఎల్‌సీ తిరిగి ఇవ్వగానే లైన్ చార్జి అయ్యే ప్రమాదం ఉంది. ఫీడర్ ఆగినా దాటుకుంటూ పోయే మరో లైన్ నుంచి, లేదా ఎవరి ఇంట్లోనో సరైన చేంజోవర్ స్విచ్ లేకుండా బిగించిన జనరేటర్ నుంచి కరెంటు వెనక్కి రావచ్చు. చచ్చిన తీగ అనుకున్నది బతికే ఉంటుంది. రెండు వైపులా ఎర్త్ చేయాలన్న నిబంధన ఉన్నది అందుకే. ఎర్త్ రాడ్లు, రబ్బరు గ్లౌజులు, నడుము బెల్టు, హెల్మెట్ సెక్షన్‌లో అందరికీ ఉన్నాయా, ఉన్నవి పరీక్షించినవేనా అన్నదే శాఖలు అడిగే ప్రశ్న. ఈ ప్రశ్నకు 'ఇండెంట్ పెట్టాం' అన్నది జవాబు కాదు.

సంఘాలు అప్పుడప్పుడు ప్రకటించే 'వర్క్ టు రూల్' ఆందోళన సైతం ఆలోచింపజేసేదే. నిబంధనల ప్రకారం మాత్రమే పనిచేస్తామని కార్మికులు ప్రకటిస్తే సంస్థ ఇబ్బందిలో పడుతుంది. మిగతా రోజుల్లో పని ఎలా సాగుతోందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఎవరి కార్మికుడు?

రాష్ట్ర విద్యుత్ బోర్డు 1999 ఫిబ్రవరి 1న జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2000లో ట్రాన్స్‌కో నుంచి నాలుగు పంపిణీ సంస్థలు ఏర్పడ్డాయి. వినియోగదారులు, సబ్‌స్టేషన్లు పెరిగిన మేరకు శాశ్వత నియామకాలు జరగలేదు. ఆ ఖాళీని కాంట్రాక్టర్ల ద్వారా వచ్చినవారితో నింపారు. చాలా సబ్‌స్టేషన్లలో షిఫ్టు ఆపరేటర్లు వారే. అంటే స్తంభం మీది మనిషి ప్రాణం ఎవరి చేతిలోని స్విచ్‌పై ఆధారపడి ఉందో, ఆ చేతికి ఉద్యోగ భద్రత లేదు.

తెలంగాణలో 2017లో దాదాపు 23 వేల మంది పొరుగుసేవల సిబ్బందిని సంస్థలు నేరుగా ఆర్టిజన్లుగా తీసుకున్నాయి. దీనిపై హైకోర్టులో వివాదం నడిచి 2018లో తీర్పు వారికి అనుకూలంగా వచ్చింది. అయితే వారికి వర్తించేవి స్టాండింగ్ ఆర్డర్లు. రెగ్యులర్ ఉద్యోగుల సర్వీసు నిబంధనలు కావు. విద్యార్హతల మేరకు రెగ్యులర్ పోస్టుల్లోకి మార్చాలన్న 'కన్వర్షన్' డిమాండ్ ఇక్కడి నుంచే పుట్టింది. 2023 ఏప్రిల్‌లో వేతన సవరణ ఒప్పందం తర్వాత ఆర్టిజన్లు సమ్మెకు దిగగా యాజమాన్యాలు ఎస్మాను ప్రస్తావించి, కొందరిని విధుల నుంచి తొలగించాయి.

ప్రమాదం జరిగినప్పుడు ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. రెగ్యులర్ ఉద్యోగి మరణిస్తే కుటుంబానికి కారుణ్య నియామకానికి అవకాశముంటుంది. కాంట్రాక్టు కార్మికుడి కుటుంబం నష్టపరిహార చట్టంపైనే ఆధారపడాలి. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1923 నాటి చట్టం ప్రకారం నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చవేసేవారు. లెక్కకు తీసుకునే వేతనంపై 2020 జనవరి నుంచి రూ.15 వేల పరిమితి ఉండేది. 30 ఏళ్ల వయసుకు గుణకం 207.98. ఆ లెక్కన రూ.7,500ను గుణిస్తే రూ.15,59,850 అవుతుంది. కార్మికుడు ఈఎస్‌ఐ పరిధిలో ఉంటే ఈ పరిహారం బదులు ఆధారితులకు నెలనెలా పింఛను వస్తుంది. కాంట్రాక్టర్ చెల్లించకపోయినా ప్రధాన యజమాని, అంటే విద్యుత్ సంస్థ, బాధ్యత తప్పించుకోలేదు. చెల్లించి, ఆ సొమ్మును కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవాలి. చాలా కుటుంబాలకు ఈ విషయమే తెలియదు. చందా రసీదు పుస్తకం తప్ప మరేమీ లేని శాఖ కార్యదర్శి ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, హాజరు పట్టీ సేకరించి కార్మికశాఖ కార్యాలయం చుట్టూ తిరిగేది ఈ దశలోనే.

హాజరు పట్టీలో పేరే లేనివారి సంగతి మరింత దయనీయం. ఊళ్లో లైన్‌మన్‌కు తోడుగా వెళ్లి, ఫ్యూజులు వేసి, నలుగురూ ఇచ్చింది తీసుకునే ప్రైవేటు హెల్పర్లు పల్లెల్లో కనిపిస్తూనే ఉంటారు. వారికి ఏ సంఘంలోనూ సభ్యత్వం లేదు. ప్రమాదం జరిగితే అతడిని ఎవరు ఎక్కించారన్న ప్రశ్నకు ఎవరూ నోరు విప్పరు. వారిని స్తంభం ఎక్కించరాదని సంఘాలు చెబుతున్నా, ఒక్కో లైన్‌మన్ చూడవలసిన ఊళ్ల సంఖ్య తగ్గనంత కాలం ఆ మాట అమలు కావడం కష్టమే.

ఇక ఈపీఎఫ్, జీపీఎఫ్ వివాదం. బోర్డు విభజన నాటికి ఉన్న ఉద్యోగులకు పాత పింఛను కొనసాగింది. 1999 ఫిబ్రవరి 1 నుంచి 2004 ఆగస్టు 31 మధ్య చేరినవారిని ఈపీఎఫ్‌లో చేర్చారు. అదే కాలంలో రాష్ట్ర ప్రభుత్వ శాఖల్లో చేరినవారికి జీపీఎఫ్‌తో కూడిన పింఛను ఉంది. అక్కడ కొత్త పింఛను విధానం వచ్చింది 2004 సెప్టెంబరు 1 నుంచే. ఒకే రోజున ఉద్యోగంలో చేరిన ఇద్దరికి రెండు రకాల వృద్ధాప్యాలు ఎందుకన్నది సంఘాల వాదన. ఈపీఎఫ్ పింఛనులో లెక్కించే వేతనానికి రూ.15 వేల పరిమితి ఉండటంతో, అధిక వేతనం ఆప్షన్ లేనివారికి చివరి జీతం ఎంత ఉన్నా చేతికందేది స్వల్పమే.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత రిజిస్ట్రేషన్లు చెల్లుబాటవుతాయి కనుక నంబర్ల పేర్లకు ఢోకా లేదు. అయితే సంస్థలో 51 శాతం సభ్యత్వమున్న సంఘానికే ఏకైక చర్చల సంఘంగా గుర్తింపు దక్కుతుంది. ఏ సంఘానికీ అంత బలం లేనిచోట 20 శాతం సభ్యత్వం చూపినవాటితో చర్చల మండలి ఏర్పాటవుతుంది. విద్యుత్ ప్రజోపయోగ సేవ కావడంతో సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న నిబంధన ఇక్కడ పాతదే. చిన్న సంఘాల శాఖలు మాత్రం తమ సభ్యత్వ పుస్తకాలను మళ్లీ లెక్క చూసుకోక తప్పదు. కాంట్రాక్టు కార్మికులను ఏ సంఘం తనవైపు తిప్పుకుంటుందన్న దానిపైనే ఆ లెక్క ఆధారపడి ఉంది.