సాబ్ 900 టర్బో మరమ్మత్తులు

సాబ్ 900 టర్బో స్వీడన్ దేశానికి చెందిన సాబ్ సంస్థ తయారుచేసిన, టర్బోఛార్జరు గల కారు. 900 శ్రేణి ఉత్పత్తి 1978లో మొదలై 1993లో ముగిసింది. పైకప్పు మడిచే వీలున్న కన్వర్టిబుల్ నమూనా మాత్రం 1994 వరకు తయారైంది. ఈ శ్రేణిలో మొత్తం 9 లక్షలకు పైగా కార్లు వెలువడ్డాయి. 1993లో ఇదే పేరుతో వచ్చిన రెండవ తరం కారు నిర్మాణం పూర్తిగా వేరు. ఈ వ్యాసం మొదటి తరం కారులో వయసుతో పాటు వచ్చే తుప్పు, ఇంజను సమస్యలను, వాటిని సరిచేసే విధానాన్ని వివరిస్తుంది.

ఈ కార్లలో చివరివి కూడా తయారై మూడు దశాబ్దాలు దాటింది. ఇంజను ఎంత పాడైనా విడిభాగాలు మార్చి బాగుచేయవచ్చు. కాని బరువు మోసే రేకు తుప్పుతో తినివేయబడితే కారు ప్రయాణానికే పనికిరాదు. అందువలన మరమ్మత్తు ఇంజనుతో గాక బాడీ పరీక్షతో మొదలుకావాలి.

నేపథ్యం

విమానాల తయారీ కోసం 1937లో స్థాపించబడిన సాబ్ సంస్థ రెండవ ప్రపంచయుద్ధం తరువాత కార్ల రంగంలోకి ప్రవేశించింది. 1977లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 99 టర్బో కారును చూపింది. ఆ కారు ఆధారంగా రూపొందినదే 900. దీని ప్రధాన కర్మాగారం ట్రోల్‌హెట్టాన్ పట్టణంలో ఉండేది. ఫిన్లాండులోని ఊసికౌపుంకి పట్టణంలో కూడా ఈ కార్లు తయారయ్యాయి.

నిర్మాణ విశేషాలు

ఈ కారు ఇంజను 1985 ఘనపు సెంటీమీటర్ల పరిమాణం, నాలుగు సిలిండర్లు కలది. దీని మూలం బ్రిటన్‌కు చెందిన ట్రయంఫ్ సంస్థ ఇంజనులో ఉన్నది. ఎనిమిది వాల్వులు గల తొలి టర్బో ఇంజను 145 అశ్వశక్తిని ఇచ్చేది. 1984లో వచ్చిన పదహారు వాల్వుల ఇంజను, ఇంటర్‌కూలరు సహాయంతో, 175 అశ్వశక్తిని ఇచ్చింది.

ఇంజను అమరిక సాధారణ కార్లకు భిన్నమైనది. అది 45 డిగ్రీలు ఒరిగి, వెనుక ముందులు తిరగబడి ఉంటుంది. అనగా క్లచ్ రేడియేటరు వైపున, టైమింగ్ గొలుసు డ్రైవరు వైపున ఉంటాయి. గేర్‌బాక్సు ఇంజను కింద ఉంటుంది. దీనివలన ఇంజను దింపకుండానే క్లచ్ మార్చవచ్చు. కాని గేర్‌బాక్సు పని ఉన్నప్పుడు రెంటినీ కలిపి పైకి ఎత్తవలసిందే.

తుప్పు పట్టడానికి కారణాలు

ఇనుము నీటితోను, ప్రాణవాయువుతోను కలిసి ఏర్పరచే పదార్థమే తుప్పు. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడ్ పొర లోహాన్ని కాపాడుతుంది. తుప్పు అలా కాపాడదు. అది పొరలు పొరలుగా ఊడి, లోపలి లోహాన్ని మళ్ళీ తేమకు గురిచేస్తుంది. పైగా తుప్పు ఇనుము కంటే ఎక్కువ స్థలం ఆక్రమిస్తుంది కనుక, అతికిన రెండు రేకుల మధ్య చేరితే వాటిని విడదీస్తుంది.

ఉత్తర ఐరోపా దేశాలలో శీతాకాలంలో మంచు కరగడానికి రోడ్లపై ఉప్పు చల్లుతారు. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది. తుప్పు పట్టడం విద్యుద్రసాయనిక చర్య కనుక అక్కడ అది వేగవంతమవుతుంది. బురద చేరే మూలలలోను, నీరు బయటకు పోని బోలు భాగాలలోను ఈ నష్టం ఎక్కువ.

తుప్పు పట్టే భాగాలు

సాబ్ 900లో ముఖ్యంగా పరిశీలించవలసిన భాగాలు ఇవి:

* డ్రైవ్ షాఫ్టుల సొరంగాలు: ఇంజను గదిలో, ముందు చక్రాలకు వెళ్ళే షాఫ్టుల పైన ఉండే రేకు భాగాలు. ఇవి సస్పెన్షనుకు దగ్గరగా ఉంటాయి కనుక అత్యంత ముఖ్యమైనవి.
* వెనుక షాక్ అబ్సార్బర్లను బిగించే చోట్లు.
* తలుపుల కింద బోలుగా ఉండే సిల్ భాగాలు, తలుపుల అడుగు అంచులు.
* చక్రాల పైన ఉండే వంపు రేకులు, డిక్కీ అడుగు మూలలు.
* బ్యాటరీ పళ్ళెం. ఇక్కడ నీటికి ఆమ్లం కూడా తోడవుతుంది.

తలుపు అంచుకు తుప్పు పడితే కారు అందం చెడుతుంది. సొరంగానికి పడితే చక్రాన్ని పట్టి ఉంచే భాగమే బలహీనపడుతుంది. ఈ భేదం గుర్తించడం అవసరం. బ్రిటన్‌లోని ఎం.ఓ.టి. తనిఖీలో సస్పెన్షను, సీటు బెల్టు వంటి రక్షణ భాగాలను బిగించిన చోటికి 30 సెంటీమీటర్ల లోపు రేకు తుప్పుతో బలహీనపడితే కారు తప్పుతుంది. 2018 నుండి, 40 ఏళ్ళు దాటి పెద్ద మార్పులు జరగని కార్లకు అక్కడ ఈ తనిఖీ తప్పనిసరి కాదు. తొలి 900 కార్లు ఈ వయసును దాటాయి. కనుక వాటి విషయంలో పరీక్ష బాధ్యత యజమానిపైనే ఉన్నది.

తుప్పు పరీక్ష, మరమ్మత్తు

చిన్న సుత్తితో మెల్లగా తట్టినప్పుడు గట్టి రేకు గణగణమని, తుప్పు పట్టిన రేకు డొల్లగా మోగుతుంది. స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే బలహీనమైన రేకు లోనికి పోతుంది. పుట్టీ పెట్టి రంగు వేసిన చోట అయస్కాంతం అంటుకోదు. నిగనిగలాడే కొత్త రంగు కింద పాత రంధ్రాలు ఉండవచ్చు కనుక కొనేవారు ఈ పరీక్షలు చేయడం మంచిది.

పైపై తుప్పును లోహం కనబడేదాకా గీకి, ఫాస్ఫారిక్ ఆమ్లం గల ద్రావణం పూసి, ప్రైమరు, రంగు వేస్తే చాలు. రేకుకు రంధ్రం పడితే ఇటువంటి ద్రావణాలు పనిచేయవు. బరువు మోసే భాగానికి పుట్టీ పెట్టడం ప్రమాదకరం. అక్కడ వెల్డింగు ఒక్కటే మార్గం. దాని క్రమం ఇది:

# బ్యాటరీ తీగలు విప్పి, ఎలక్ట్రానిక్ పెట్టెల కనెక్షన్లు తీయాలి. వెల్డింగు చోటికి పెట్రోలు ట్యాంకు, గొట్టాలు దగ్గరగా ఉంటే వాటిని తొలగించాలి.
# కారు ఆకారం వంగకుండా సరైన ఊతలు ఇవ్వాలి.
# గట్టి లోహం తగిలేవరకు చెడిన రేకును కత్తిరించాలి.
# అదే మందం గల కొత్త రేకును కొలతకు కోసి అమర్చాలి.
# వేడికి రేకు ముడుచుకోకుండా, కొద్దికొద్దిగా, చోటు మార్చుతూ వెల్డింగు చేయాలి.
# ప్రైమరు వేసి, అతుకుల మధ్య సీలెంటు నింపి, రంగు వేయాలి.
# చివరగా బోలు భాగాల లోపలికి మైనం చిమ్మాలి. తలుపుల అడుగున ఉండే నీటి రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి.

టర్బోఛార్జరు సమస్యలు

సైలెన్సరుకు పోయే వేడి వాయువులు టర్బోలోని చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసుపై ఉన్న రెండవ చక్రం గాలిని ఒత్తిడితో ఇంజనులోనికి పంపుతుంది. ఈ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలదు. దానిని నిలబెట్టేది పలుచని నూనె పొర మాత్రమే. వేగంగా నడిపిన వెంటనే ఇంజను ఆపితే నూనె ప్రవాహం ఆగిపోయి, టర్బోలో మిగిలిన నూనె వేడికి మాడి గట్టి మసిగా మారుతుంది. అందుకే ఆపే ముందు ఒకటి రెండు నిమిషాలు ఇంజనును నెమ్మదిగా తిరగనివ్వాలి. తరువాతి నమూనాలలో టర్బోను నీటితో చల్లబరిచే ఏర్పాటు వచ్చింది.

టర్బో ఇరుసు పక్కలకు కొద్దిగా కదలడం సహజం. కాని చక్రం రెక్కలు గోడకు తగలరాదు. ముందు వెనుకలకు కదలిక తెలిసేటంత ఉంటే బేరింగు అరిగినట్లే. కొత్త టర్బో బిగించేటప్పుడు నూనె తెచ్చే గొట్టాన్ని శుభ్రపరచడం గాని, మార్చడం గాని చేయాలి. పాత మసి అందులో మిగిలితే కొత్త టర్బో కూడా త్వరలోనే పాడవుతుంది. మొదటిసారి ఇంజను నడిపే ముందు టర్బోలో నూనె నింపాలి.

టర్బో శక్తి తగ్గిన ప్రతిసారీ టర్బోయే కారణం కాదు. వయసుతో పగిలిన రబ్బరు గొట్టాల నుండి గాలి బయటకు పోవచ్చు. సాబ్ ఇంజనీరు పేర్ యిల్‌బ్రాండ్ రూపొందించిన ఎ.పి.సి. అనే ఏర్పాటు ఇంజనులోని కొట్టుడు శబ్దాన్ని సెన్సరుతో గుర్తించి టర్బో ఒత్తిడిని తగ్గిస్తుంది. ఈ సెన్సరు గాని, దాని వాల్వు గాని చెడినా శక్తి తగ్గుతుంది. కనుక ముందు చవకైన గొట్టాలను, తీగలను పరీక్షించాలి.

ఇతర ఇంజను సమస్యలు

పొగ రంగు కొంత సమాచారం ఇస్తుంది. నీలిపొగ నూనె మండుతున్నదనడానికి, నల్లపొగ పెట్రోలు ఎక్కువగా అందుతున్నదనడానికి గుర్తు. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకుండా, రేడియేటరు నీరు తగ్గుతూ ఉంటే హెడ్ గాస్కెట్ దెబ్బతిన్నదని అనుమానించాలి. కంప్రెషన్ పరీక్షలో నాలుగు సిలిండర్ల పీడనం దాదాపు సమానంగా ఉండాలి. పక్కపక్కనే ఉన్న రెంటిలో మాత్రమే తగ్గితే వాటి మధ్య గాస్కెట్ పోయి ఉండవచ్చు.

టైమింగ్ గొలుసు సాగితే గలగల శబ్దం వస్తుంది. గొలుసు మాత్రమే అరిగితే, పాత గొలుసుకు కొత్తదాని కొస తగిలించి, ఇంజనును తిప్పుతూ లోనికి ఎక్కించవచ్చు. పళ్ళచక్రాలు కూడా అరిగితే ఇంజను దింపాలి.

మరమ్మత్తు క్రమం

ముందుగా ఇంజనుకు ఖర్చుచేసి, ఆ తరువాత సొరంగాల తుప్పు బయటపడితే రెండుసార్లు శ్రమ తప్పదు. ఇంజను దింపి ఉన్నప్పుడే ఆ భాగాలు చేతికి సులభంగా అందుతాయి. కనుక మొదట బాడీని పరీక్షించి, కారు నిలపదగినదో కాదో నిర్ణయించుకోవాలి. నిలపదగినదైతే ఇంజను దింపిన సమయంలోనే సొరంగాల వెల్డింగు, గాస్కెట్, గొలుసు, గేర్‌బాక్సు పనులు ఒకేసారి పూర్తిచేయడం మేలు.

సాబ్ కార్ల సంస్థ 2011 డిసెంబరులో దివాలా తీసింది. ట్రోల్‌హెట్టాన్‌లోని సాబ్ మ్యూజియంలో ఈ శ్రేణి కార్లను భద్రపరిచారు. రోడ్డుపై తిరిగే మిగతా కార్ల ఆయుష్షు మాత్రం వాటి యజమానులు రేకును ఎంత శ్రద్ధగా కాపాడతారన్నదానిపై ఆధారపడి ఉన్నది.