గుమ్మడి పిందెలు రాలనేల?

పెరటి గుమ్మడిపాదు విరగబూచినను, పిందెలు పసుపుబారి రాలిపోవుచుండుట తరచు కాననగును. కొందరు దీనిని దిష్టి యందురు. పెక్కుసార్లు అసలు కారణము పరాగసంపర్కము జరుగకపోవుటయే.

గుమ్మడితీగకు మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూయును. ముందుగా వచ్చునవి సాధారణముగా మగపూలే. అవి కాయక రాలుట సహజము. ఆడపూవు క్రింద చిన్న పిందె యుండును. పుప్పొడి బరువైనది, జిగురుగలది, గాలికి ఎగురదు. తేనెటీగల వంటి కీటకములే దానిని ఆడపూవునకు చేర్చవలెను. పూలు తెల్లవారుజామున విచ్చి, ప్రొద్దెక్కిన కొలది ముడుచుకొనును. ఆ కొద్ది గంటలలో ఈగ వాలనిచో పిందె నిలువదు.

ఈగలు తక్కువైనచోట, ఉదయము 9 గంటలలోపల, అప్పుడే విచ్చిన మగపూవును కోసి, రేకులు తీసివేసి, నడిమి పుప్పొడి కాడను ఆడపూవు కీలాగ్రమునకు మెల్లగా రాయవలెను. ఒక మగపూవు రెండు మూడు ఆడపూలకు చాలును.

అయినను ఊరందరి పాదులకు చేతిపని చాలదు. కావున పంచాయతి సభ్యులు, విచ్చిన పూలపై పురుగుమందు చల్లరాదని చాటింపు వేయింపవలెను. తేనెపట్టులను కాల్చు అలవాటును మాన్పింపవలెను. పోరంబోకులలో కానుగ, వేప మొక్కలు నాటింపవలెను. ఈగ బ్రతికిననే పాదు కాయును.