టర్బో బండి గుట్టు దాని కంప్యూటర్‌లోనే

1980లలో జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు తయారయ్యే రోజుల్లో, ఇంజన్‌కు ఎంత డీజిల్ అందాలో ఇంజెక్షన్ పంపే తేల్చేది. కంప్యూటర్ ఊసే లేదు. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికొచ్చింది. ఇవాళ జహీరాబాద్ మీదుగా పోయే అదే ముంబై హైవే మీద సంగారెడ్డి, పటాన్‌చెరుల మధ్య టర్బో పెట్రోల్ కార్లు పరుగెడుతున్నాయి. ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ మార్చి ఇంకాస్త బలం కోరే కుర్రాళ్లకు వచ్చే సందేహం ఒక్కటే: ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌ను, అంటే ఈసీయూను ఏం చేయాలి?

టర్బోకు 1905లోనే స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ పేటెంట్ తీసుకున్నాడు. పొగగొట్టంలో వృథాగా పోయే వేడి వాయువులతో చక్రం తిప్పి, ఇంజన్‌లోకి గాలిని కుక్కడం అందులోని కిటుకు. గాలి పెరిగితే బలం పెరుగుతుంది, కానీ సిలిండర్‌లో ఒత్తిడీ వేడీ కూడా పెరుగుతాయి. దాంతో మంట ఇంకా చేరని మూలల్లోని పెట్రోల్ తనంతట తానే భగ్గుమంటుంది. ఇదే నాకింగ్. ముదిరితే పిస్టన్ పగులుతుంది. 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ దీన్ని ఆపడానికి నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని చిమ్మేది. అది నింపడం చాలామంది మరిచిపోయేవారు.

తర్వాత ఇలాంటి పనులు ఎలక్ట్రానిక్స్ చేతికొచ్చాయి. 1967లో బాష్ కంపెనీ తెచ్చిన డి-జెట్రానిక్ గాలి ఒత్తిడిని కొలిచి పెట్రోల్ కొలత నిర్ణయించింది. 1979లో మోట్రానిక్ ఇంధనాన్నీ స్పార్క్‌నూ ఒకే పెట్టెలోకి చేర్చింది. నా దృష్టిలో అసలు మలుపు 1980ల ఆరంభంలో కార్ల కంపెనీ సాబ్ తెచ్చిన ఏపీసీ వ్యవస్థ. సెన్సర్ నాకింగ్‌ను పసిగడితే చాలు, అది టర్బో ఒత్తిడిని వెంటనే తగ్గించేది. ఏ బంకులో ఏ ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే శక్తి) ఉన్న పెట్రోల్ పోసినా ఇంజన్ దానికి తగ్గట్టు సర్దుకునేది. ఇథనాల్ కలిసిన పెట్రోల్, 40 డిగ్రీలు దాటే ఎండలు ఉన్న మన సంగారెడ్డి జిల్లాకు ఆ కాపలా ఎంతో అవసరం.

సెన్సర్లకూ ఈసీయూకూ మధ్య బిగించే, చౌకగా దొరికే పిగ్గీబ్యాక్ పెట్టె ఈ కాపలాదారుకే అబద్ధం చెబుతుంది. ఒత్తిడి ఉన్నదానికంటే తక్కువని చూపించి టర్బోను ఎక్కువ తిప్పిస్తుంది. ఆ తప్పుడు లెక్కను నమ్మి ఈసీయూ స్పార్క్‌ను కూడా ముందుకు జరపవచ్చు. అదీ ప్రమాదం. 2001లో ఇద్దరు అమెరికన్లు మొదలుపెట్టిన మెగాస్క్విర్ట్ లాంటి, అసలు ఈసీయూ స్థానంలో పెట్టే స్టాండలోన్‌లు పాత బండ్లకూ రేసు కార్లకూ వరమే. కానీ ఈ కాలపు కారులో గేర్‌బాక్స్, ఏబీఎస్, ఏసీ అన్నీ ఈసీయూతో మాట్లాడుతుంటాయి. దాన్ని పీకేస్తే ఆ సంభాషణంతా మళ్లీ కట్టుకోవాలి.

కాబట్టి టర్బో, ఇంజెక్టర్లు కంపెనీవే ఉన్నంతవరకు అసలు ఈసీయూను ఉంచి దాని మ్యాప్‌నే (ఇంధనం, స్పార్క్, టర్బో ఒత్తిడి లెక్కల పట్టికనే) మార్పించడం మేలు. అందులో నాక్ సెన్సర్, వేడి రక్షణలు యథాతథంగా ఉండాలి. ఎక్కువ ఆక్టేన్‌కు రాసిన మ్యాప్ వేయించుకుని, దారిలో దొరికిందల్లా పోయించకండి. తయారీదారు నిర్దేశించినదానికి విరుద్ధమైన మార్పులను మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, వారంటీ కూడా పోవచ్చు. ముందుగా అవి విచారించండి. డైనోపై (ఇంజన్ బలాన్ని కొలిచే యంత్రంపై) నాకింగ్ లాగ్ చూపించని చోట, అసలు మ్యాప్ ఫైల్ కాపీ మీ చేతికివ్వని చోట బండి తాళాలు ఇవ్వకండి.