చలిలో నీటిగొట్టములు పగులుటేల?

మన వీర్నపల్లి గుట్టలలో పుష్యమాసపు తెల్లవారుజామున చలి యెంత కొరికినను, బిందెలోని నీరు నీరుగనే యుండును. గొంగడి కప్పుకొని నెగడు ముందు కూర్చున్నచో చలి తీరును. కావున నీటిగొట్టము గడ్డకట్టి పగులునన్న మాట మన విద్యార్థులకు వింతగా తోచుట సహజము. అయినను తెలుగువా రనేకులు అమెరికాకు బోయి కాపురము లుండుటచే, ఈ వింత మనవారి యిండ్లలోనికే వచ్చినది. 2021 ఫిబ్రవరి మాసమున టెక్సాసు రాష్ట్రమును మంచుతుపాను ముంచినపుడు 45 లక్షలకు పైగా ఇండ్లకును వ్యాపారస్థలములకును విద్యుచ్ఛక్తి నిలిచిపోయెను. ఆ రాష్ట్రపు ఆరోగ్యశాఖవారి లెక్కలో 246 మంది మృతినొందిరి. తెలుగు కుటుంబములు వేలకొలదిగా నున్న డల్లాసు పరిసరములలో సైతము గోడలలోని గొట్టములు పగిలి, ఇండ్ల పైకప్పులనుండి నీరు కురిసినది.

నేలపై పాతుకొనిన ఇండ్లకే యిట్లైనచో, చక్రములపై తిరుగు ఇండ్ల మాట చెప్పనక్కరలేదు. ఆ దేశమున వంటగది, పడక, స్నానపుగది యన్నియు నమర్చిన పెద్ద బండ్లు కలవు. వానిని ఆర్.వి. లందురు. కొందరు సెలవులలో వానిలో దేశము తిరుగుదురు. కొందరు ఏడాది పొడుగునను వానిలోనే కాపురముందురు. అందలి రిఫ్రిజిరేటరులో మంచుముక్కలను దానంతట అదే చేయు ఐస్ మేకరను యంత్రమొకటి యుండును. దానికి నీరు తెచ్చునది పావు అంగుళపు సన్నని గొట్టము. చలి వచ్చినప్పుడు బండిలోని గొట్టము లన్నిటిలో మొదట చిక్కున పడునది తరచుగా ఇదియే. కారణము తెలిసికొన్నగాని ఉపాయము తెలియదు.

పదార్థములలో పెక్కు చల్లబడినకొలది కుదించుకొనును. నీరు మాత్రము 4 సెంటిగ్రేడు డిగ్రీల వరకు కుదించుకొని, ఆపై విప్పారసాగును. గడ్డకట్టునపుడు ఒక్కసారిగా పెరుగును. నూరు శేర్ల నీరు గడ్డయైనచో సుమారు నూటతొమ్మిది శేర్ల చోటు పట్టును. 1784-85 శీతకాలమున కెనడాలోని క్యూబెక్కు నగరమున ఎడ్వర్డు విలియమ్స్ అను సేనాధికారి ఇనుప ఫిరంగిగుండ్లను నీటితో నింపి, బిరడాలు బిగించి, ఆరుబయట చలిలో నుంచెను. కొన్నిటి బిరడాలు ఎగిరిపోయెను. కొన్ని గుండ్లే పగిలెను. ఇనుమునకే గతి లేనప్పుడు ప్లాస్టికు గొట్టమెంత!

అయితే ఇక్కడొక సూక్ష్మము కలదు. గడ్డ కట్టినచోటనే గొట్టము పగులునని చాలమంది యనుకొందురు. అనేక పర్యాయములు అట్లు కాదు. గొట్టములో నొకచోట గడ్డ యేర్పడి బిరడావలె నడ్డుపడును. అది పెరిగినకొలది తన ముందున్న నీటిని మూసియున్న కొళాయి వైపునకు నెట్టును. ఆ నీటికి పోవు దారి లేదు. ఒత్తిడి పెరిగి పెరిగి, బలహీనమైన చోట, గడ్డలేని చోటనైనను, గొట్టము విచ్చును. అందుచేతనే చలి దేశములందు రాత్రివేళ కొళాయిని సన్నని ధారగా విడిచి యుంచుమందురు. పారునీరు ఆలస్యముగా గడ్డకట్టుట యొక లాభము. ఒత్తిడికి తలుపు తెరచియుండుట అంతకు మించిన లాభము.

ఐస్ మేకరు గొట్టమునకు ఈ యుపాయము చెల్లదు. దాని చివర విద్యుత్తుతో పనిచేయు వాల్వొకటి యుండి, కొన్ని గంటలకొకసారి కొన్ని క్షణములు మాత్రమే తెరచుకొనును. తక్కిన కాలమంతయు నీరు సన్నని గొట్టములో కదలక నిలిచియుండును. పైగా అనేక ఆర్.వి.లలోని రిఫ్రిజిరేటరు, 1922లో స్వీడనుదేశపు ప్లాటెన్, ముంటర్స్ అనువారు కనిపెట్టిన పద్ధతిపై, అమ్మోనియాను వేడిచేసి చల్లదనము పుట్టించునది. (వారప్పటికి విద్యార్థులే యని మన బాలురు గమనింతురుగాక.) మంటతో పనిచేయుదాని వెనుక గాలి యాడవలెను గనుక బండి బయటిగోడకు జాలీలుంచెదరు. వాల్వును గొట్టమును సరిగా ఆ జాలీల వెనుకనే యుండును. గదిలో వెచ్చగా నిద్రించువానికి, గోడ కావల తన గొట్టము గాలికి వణకుచున్నదని తెలియదు.

ఆ జాలీలను పూర్తిగా మూసివేయుదమా? వలదు. మంటకు గాలి చాలక విషవాయువు పుట్టును, ప్రాణములకే మోసము. గొట్టమునకు మెత్తని తొడుగు వేయుదమా? మంచిదే, కాని అది గొంగడివంటిది. గొంగడికి తనదైన వేడి లేదు. కాపరి యొంటివేడిని నిలుపును, మంచుగడ్డను చుట్టినచో దాని చల్లదనమును నిలుపును. నిలిచిన నీటికి స్వంత వేడి లేదు గనుక తొడుగు ఆలస్యమును చేయునేగాని ఆపలేదు. కావున చలిలో బండిలోనే కాపురముండువారు మొదట గొట్టము వెంబడి విద్యుత్తుతో వెచ్చబడు తీగను అమర్చి, దానిపై ఆ తీగ తయారుచేసినవారు అంగీకరించిన తొడుగును వేయవలెను. టెక్సాసులోవలె విద్యుత్తు పోయినచో ఆ తీగయు వట్టిదే.

మా యభిప్రాయమున నిశ్చయమైన యుపాయ మొక్కటే: గొట్టములో నీరే లేకుండ జేయుట. మంచుముక్కలు లేక చలికాలమున నెవ్వరికిని లోటు రాదు గదా! ఐస్ మేకరును ఆపి, దానికి పోవు నీటిని మొదట కట్టివేసి, వాల్వువద్ద గొట్టమును విప్పి నీటిని దించి, మెల్లని గాలితో మిగిలిన చుక్కలను ఊదివేయవలెను. వాల్వులో నిలిచిన చెంచాడు నీరు చాలును దానిని చీల్చుటకు; వంగు గొట్టములు కొంత సాగి బ్రతుకును గాని వాల్వు బ్రతుకదు. గడ్డకట్టని ద్రవమును గొట్టములలో పోయువారు త్రాగునీటి గొట్టములకని చేసిన ప్రొపిలీను గ్లైకాలునే వాడవలెను. మోటారు ఇంజనులలో పోయు ఎథిలీను గ్లైకాలు తియ్యని విషము.

గొట్టము గడ్డకట్టిన పిదప దానికి మంట చూపరాదు. వెచ్చని గాలి చాలును. పగులు చలిలో కనబడదు, గడ్డయే దానిని మూసియుంచును. గడ్డ కరగిన దినముననే నీరు కారును. అందువలన వెచ్చబడగానే పంపు వేయక, ముందుగా దీపము పట్టుకొని జాలీ వెనుక వాల్వును చూచి, పిదప నీటిని కొంచెము కొంచెముగా విడువవలెను.