పది కుర్చీలు, 51 కోట్ల యెన్ల చేప

శంషాబాద్ రన్‌వే పొడవు 4,260 మీటర్లు. 2016 నవంబర్‌లో జపాన్‌లోని తమానా పట్టణంలో వందల మంది వరసగా నిలబడి ఒకే ఒక్క సుషీ రోల్ చుట్టారు. గిన్నిస్ వాళ్ళు కొలిస్తే 2,844 మీటర్ల 61 సెంటీమీటర్లు తేలింది. దాన్ని తెచ్చి మన రన్‌వే మీద పరిస్తే మూడింట రెండు వంతులు నిండిపోతుంది. సుషీ రికార్డులంటే ముందు చెప్పుకునేది ఇలాంటి జాతర సరుకే. నిజానికి సుషీ గొప్పంతా వేరే లెక్కల్లో ఉంది: ఎంత తక్కువ మందికి పెట్టారు, ఎంత తొందరగా తినిపించారు, ఎంత దూరం నుంచి చేప తెప్పించారు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు వైపు నుంచి బార్కస్, చాంద్రాయణగుట్ట మీదుగా ఊళ్ళోకి వస్తే ఫలక్‌నుమా తగులుతుంది. 1884లో వికారుల్ ఉమ్రా మొదలుపెట్టిన ఆ ప్యాలెస్‌లో ఒకే బల్ల ముందు 101 మంది కూర్చుని భోంచెయ్యొచ్చు. ఈ కొసన గుసగుసలాడితే ఆ కొసకి వినిపిస్తుందని చూపించేవాళ్ళు చెప్తారు. మన నవాబుల దర్పానికి కొలత కుర్చీల సంఖ్య. టోక్యోలో ఈ లెక్క తిరగబడుతుంది. గింజా ప్రాంతంలో ఓ ఆఫీసు భవనం కింద, నేలమాళిగలో ఉన్న సుకియబాషి జిరోలో కౌంటర్ ముందు ఉన్నవి పది కుర్చీలే. బాత్‌రూమ్ కూడా బయట నడవాలో ఉంటుంది. 2007 నవంబర్‌లో మిషెలిన్ మొదటిసారి టోక్యో గైడ్ వేసినప్పుడు ఈ కొట్టుకి మూడు నక్షత్రాలిచ్చింది.

యజమాని జిరో ఓనో 1925లో పుట్టాడు. మూడు నక్షత్రాలున్న వంటవాళ్ళలో అందరికన్నా పెద్ద వయసువాడిగా 93వ ఏట గిన్నిస్‌కి ఎక్కాడు. 2025 అక్టోబర్‌లో నూరేళ్ళు పూర్తిచేసుకున్నాడు. డేవిడ్ గెల్బ్ 2011లో ఆయన మీద తీసిన డాక్యుమెంటరీ చూస్తే పనితనం అర్థమవుతుంది. ఆక్టోపస్‌ని మెత్తబడేదాకా 40, 50 నిమిషాలు చేత్తో పిసుకుతారు. కోడిగుడ్డు అట్టు ఒప్పుకోలుగా రావడానికి ఓ శిష్యుడు 200కు పైగా అట్లు పోసి పారేశాడు. అన్నాన్ని ఒంటివేడి దగ్గర ఉంచి, వేళ్ళతో రెండు మూడు సార్లు అదిమి, పైన చేప పెట్టి, సోయా రసం కుంచెతో ఒకసారి రాసి ముందు పెడతారు. వచ్చినవాడు ఎడమచేతివాటం అని కనిపెడితే తర్వాతి ముక్క ఎడమచేతికి అనువుగా తిప్పి పెడతారు. దాదాపు 20 ముక్కల భోజనం అరగంటలో అయిపోతుంది. సినిమా తీసిన రోజుల్లోనే దాని ధర 30,000 యెన్లు, అంటే నిమిషానికి వెయ్యి. బిర్యానీ ముందు రెండు గంటలు కబుర్లు చెప్పుకునే ఊరివాళ్ళం, మనకి ఇది కాస్త మింగుడుపడదు.

2014 ఏప్రిల్‌లో ఒబామాని అప్పటి ప్రధాని షింజో అబే భోజనానికి తీసుకెళ్ళింది ఇక్కడికే. అయిదేళ్ళకి, 2019లో, మిషెలిన్ ఈ పేరుని గైడ్‌లోంచి తీసేసింది. రుచి తగ్గిందని అనలేదు. మామూలు జనానికి బుకింగే దొరకని చోటుని గైడ్‌లో రాయడం ఎందుకన్నారు. ఇంతకన్నా గొప్ప రికార్డు ఇంకేముంటుంది? ఇక ఇండియాకి మిషెలిన్ గైడే లేదు కాబట్టి జూబ్లీహిల్స్, హైటెక్ సిటీ సుషీ కౌంటర్లకి ఈ నక్షత్రాల బాధ లేదు.

ధరల సంగతికొస్తే, 2026 జనవరి 5న టోక్యో టొయొసు మార్కెట్‌లో కొత్త సంవత్సరపు మొదటి వేలంలో 243 కిలోల బ్లూఫిన్ ట్యూనా ఒకటి 51 కోట్ల 3 లక్షల యెన్లకి పోయింది. మన డబ్బులో 29 కోట్ల దరిదాపు. కిలో పన్నెండు లక్షల దాకా పడింది. కొన్నది సుషీ జన్మాయ్ హోటళ్ళ యజమాని కియోషి కిమురా. అంతకుముందు రికార్డూ ఆయనదే: 2019లో 278 కిలోల చేపకి 33 కోట్ల 36 లక్షల యెన్లు. అంత పెట్టి కొన్నదాన్ని ఆయన తన హోటళ్ళలో మామూలు రేటుకే అమ్ముతాడు. ఆ డబ్బు చేపకి కట్టిన ధర అనుకుంటే పొరపాటు, పేపర్లలో మొదటి పేజీకి కట్టిన అద్దె. పుస్తెలమ్మి పులస తినే గోదావరి వాళ్ళకి ఈ పిచ్చి కొత్తేమీ కాదు గానీ, అక్కడ డబ్బు పెట్టినవాడే తింటాడు.

ట్యూనాకి ఈ యోగం పట్టించింది విమానం. ఐస్ పెట్టెలు లేని కాలంలో కొవ్వున్న పొట్టముక్క తొందరగా చెడిపోతుందని జపాన్‌లో దాన్ని పారేసేవాళ్ళు. కెనడా అట్లాంటిక్ తీరంలో సరదాకి గాలం వేసి వందల కిలోల బ్లూఫిన్ పట్టి, పక్కన నిలబడి ఫోటో దిగి, చేపని గోతిలో పూడ్చేవాళ్ళు. 1970లలో జపాన్ ఎయిర్‌లైన్స్‌ది ఇంకో అవస్థ. కెమెరాలు, ఎలక్ట్రానిక్ సామాన్లు నింపుకుని అమెరికా వైపు వెళ్ళిన విమానాలకి తిరుగుదారిలో సరుకు లేదు. కార్గో విభాగంలోని అకిరా ఒకజాకి వెతికి వెతికి కెనడా చేప దగ్గర ఆగాడు. 1972 ఆగస్టు 14న ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ నుంచి విమానంలో వచ్చిన ట్యూనాలు టోక్యో వేలంలో అమ్ముడుపోయాయి. ఖాళీ విమానం బాధలోంచి పుట్టిన వ్యాపారం ఇది.

అందుకే సముద్రం లేని హైదరాబాద్‌లో సుషీకి రేవు శంషాబాదే అనుకోవాలి. 2008 మార్చిలో ఈ ఎయిర్‌పోర్టు మొదలయ్యాక ఇక్కడి కార్గోకి పేరు తెచ్చినవి మందులు. వాటికోసం కట్టినట్టే చేపకీ చల్లదనం తెగని దారి కావాలి. ఖరీదైన సుషీ హోటల్లో టేబుల్ చెప్పేముందు మెనూ కన్నా ముందు అడగాల్సింది ఒక్కటే: చేప ఏ రోజు దిగుతుంది? దిగిన రోజున, కౌంటర్ దగ్గర కుర్చీ అడగండి. అన్నం ముద్ద మీద చేప పెట్టిన నిగిరిని చేత్తో తినడం తప్పు కాదు, పాత పద్ధతి అదే. చాప్‌స్టిక్స్ రావని మొహమాటపడక్కర్లేదు.

ఇక అందరికన్నా ఖరీదైన సుషీ రికార్డు. బంగారం రేకు చుట్టి, ముత్యాలు, వజ్రాలు తాపిన అయిదు ముక్కల సుషీ ఫిలిప్పీన్స్‌లో ఒకాయన అమ్మాడు, గిన్నిస్ ఎక్కాడు. నగలకొట్టు యవ్వారం, వదిలేద్దాం. 2023లో ఒసాకాలోని సుషీ కిరిమోన్ హోటల్ 20 ముక్కల భోజనానికి 3,50,000 యెన్ల ధర పెట్టి ఆ రికార్డు తీసుకుంది. మన రెండు లక్షల రూపాయల మాట.

మన తీరం ఈ కథకి దూరమేమీ కాదు. దేశంలో రొయ్యల సాగులో ముందున్నది ఆంధ్రప్రదేశ్, మన రొయ్య కొనే దేశాల్లో జపాన్ పాతకాపు. అనకాపల్లి జిల్లా పూడిమడక జాలర్లు గాలాలకి పట్టే సూర, ట్యూనా కుటుంబమే. జపాన్‌వాడు పట్టగానే మెదడులో మేకు దించి, రక్తం తీసి, వెన్నులో తీగ తోసి మంచులో పెడతాడు. మన దగ్గర చాలా సూర కూరకీ, ఎండుచేపకీ పోతుంది.

పచ్చి చేప అనగానే మనవాళ్ళు ముఖం చిట్లిస్తారు. ఆ భయంలో అర్థం ఉంది. పురుగులు చావాలంటే మైనస్ 20 డిగ్రీల దగ్గర వారం రోజులు గడ్డకట్టించాలి. 1980లలో నార్వేవాళ్ళు పనిగట్టుకుని తమ సాల్మన్‌ని అమ్మజూపేదాకా జపాన్‌వాళ్ళు కూడా పచ్చి సాల్మన్ తినలేదు, ఇదే భయంతో. కానీ మన నగరంలోనే ఏటా మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో వేలమంది, పచ్చిది కూడా కాదు, ప్రాణంతో ఉన్న కొర్రమీను పిల్లని నోట్లో వేయించుకుని మింగుతారు. బత్తిని కుటుంబం ఉబ్బసానికి మందుగా ఇది 1845 నుంచి ఇస్తున్నామంటుంది. ఉబ్బసం తగ్గుతుందన్నదానికి వైద్యపరమైన రుజువు లేదు. ఆ క్యూలో నిలబడ్డవాళ్ళకి ఆ పట్టింపూ లేదు. ఒకరి వెనక ఒకరికి క్షణాల్లో పెట్టేస్తారు, జిరో కన్నా వేగం. మందు ఉచితం. చేపపిల్లకి మాత్రం మత్స్యశాఖ కౌంటర్లో డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి.