బడి చెత్తబుట్టలో ఏముంది?

హైదరాబాద్‌లోని రహమత్ నగర్ గుట్ట సందుల్లోకి పొద్దున్నే స్వచ్ఛ ఆటో వస్తుంది. ఇళ్లలోది, టిఫిన్ బండ్లది, బడులది, చెత్తంతా అందులోకే చేరుతుంది. ఆటో నిండితే యూసుఫ్‌గూడ ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కు పోతుంది. అక్కడ ఆ చెత్తను పెద్ద లారీల్లోకి నొక్కి నింపి, నగరం అవతలి అంచున ఉన్న జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు తోలుతారు. ఒకటో తరగతి పిల్లాడు మధ్యాహ్నం పళ్లెంలో వదిలేసిన గుప్పెడన్నం కూడా ఇదే దారిలో ఇరవై కిలోమీటర్లకు పైగా వెళ్తుంది. అది అక్కడిదాకా వెళ్లాల్సిన అవసరమే లేదు. బడి గోడ దాటకుండానే మట్టిగా మారగలదు.

ప్రాథమిక పాఠశాలలో పర్యావరణ ప్రాజెక్టు అంటే మనకు అలవాటైనవి వేరే ఉన్నాయి. ప్లాస్టిక్ సీసాలను కోసి చేసిన పెన్నుల స్టాండ్లు, పాత సీడీల తోరణాలు, జూన్ 5న నాటే మొక్క. పిల్లలు వాటిని ఇష్టంగా చేస్తారు, చేతికి నేర్పు వస్తుంది, కాదనను. కానీ వాటిని రీసైక్లింగ్ అని పిలిచి సంతృప్తి పడటమే నాకు మింగుడుపడదు. ఖాళీ నీళ్ల సీసాను పాత సామాన్ల దుకాణంలో ఇస్తే కొంటారు, ఎందుకంటే అది ఒకే రకం ప్లాస్టిక్. దాన్ని ముక్కలు చేసి, కరిగించి, దారంగా తీయవచ్చు. అదే సీసాకు రంగు పూసి, జిగురుతో మెరుపు కాగితాలు అంటిస్తే ఏ కబాడీ వాడూ ముట్టుకోడు. ప్రదర్శన అయిన మర్నాడు అది నేరుగా జవహర్‌నగర్ దారి పడుతుంది.

కాబట్టి బడిలో పని మొదలు కావలసింది బొమ్మల దగ్గర కాదు, అన్నం పళ్లెం దగ్గర.

మధ్యాహ్న భోజన పథకం లెక్క ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలకు తలకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. రెండు వందల మంది తినే బడి అనుకుంటే రోజుకు 20 కిలోల బియ్యం. వండితే 50 కిలోలు దాటిన అన్నం. అందులో పదో వంతు మిగిలినా అయిదు కిలోలు. దానికి పప్పు నీళ్లు, గుడ్డు పెంకులు, ఇంటి నుంచి తెచ్చుకున్న అరటిపండు తొక్కలు కలపండి. మామూలు బడి చెత్తలో బరువంతా ఇక్కడే ఉంటుంది. కాగితాలు, ప్యాకెట్లు కంటికి ఎక్కువగా కనిపిస్తాయి గానీ తూకం వేస్తే తేలిపోతాయి.

ఈ తడి చెత్తే అసలు చిక్కు. గాలి ఆడని చోట, చెత్త గుట్ట లోపల అన్నం, కూరలు కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడు కంటే సుమారు 28 రెట్లు బలమైన వాయువు. గుట్టలు అంటుకుని రోజుల తరబడి పొగ చిమ్మడానికి కారణం కూడా ఎక్కువగా ఇదే. కుళ్లిన తేమ కిందికి దిగుతూ దారిలో తగిలిన బ్యాటరీల లోహాలనూ, రంగులనూ కరిగించుకుని నల్లని ద్రవంగా బయటికొస్తుంది. జవహర్‌నగర్ పక్కనున్న మల్కారం చెరువును పాడు చేసింది ఆ ద్రవమే. ఏళ్ల తరబడి పోగైన పాత చెత్త గుట్టల మీద పొరలు వేసి మూసిన తర్వాత కూడా ఆ ద్రవాన్ని శుద్ధి చేయాల్సి వచ్చింది.

అదే యార్డులో చెత్తను కాల్చి కరెంటు తీసే కేంద్రం 2020లో 19.8 మెగావాట్లతో మొదలైంది. బాగా మండాలంటే చెత్త పొడిగా ఉండాలి. అన్నం నీళ్లతో తడిసిన కాగితాన్ని కాల్చాలంటే ముందు ఆ నీటిని ఆవిరి చేయడానికే వేడి ఖర్చవుతుంది. అంటే తడినీ పొడినీ కలిపిన క్షణంలో రెండూ చెడుతున్నాయి: ఎరువు కావలసిన అన్నంలో ప్లాస్టిక్ చేరుతుంది, అమ్ముడుపోవలసిన కాగితానికి కూర అంటుతుంది. ఆ తర్వాత ఎన్ని కోట్ల యంత్రాలు పెట్టినా, బుట్ట దగ్గర ఏడేళ్ల పిల్ల ఒక్క క్షణంలో చేయగలిగిన పనిని తిరిగి చేయలేవు.

చట్టం చెబుతున్నదీ ఇదే. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి, ఇళ్లలోని ప్రమాదకర వ్యర్థాలను చెత్త పుట్టిన చోటే వేరు చేయాలని ఆదేశించాయి. అంతకు ముందు ఏడాదే హైదరాబాద్‌లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం బుట్టలు పంచారు. ఆ బుట్టలు చాలా ఇళ్లలో బియ్యం పోసుకోవడానికో, నీళ్లు పట్టుకోవడానికో వెళ్లిపోయాయి. అవతల ఆటోలో రెండూ కలిసిపోతాయని నమ్మినవాళ్లు ఇంట్లో వేరు చేయరు. ఆ నమ్మకం కుదరాలంటే వేరు చేసినది వేరుగానే ఎక్కడికో చేరడం కళ్లారా చూడాలి. బడి ఇవ్వగలిగింది సరిగ్గా అదే.

తెలుగు నేల మీద ఇది కుదరని పనేమీ కాదు. 2003 ప్రాంతంలో సూర్యాపేట మున్సిపల్ కమిషనర్‌గా ఉన్న ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ పెద్ద నిధులేవీ లేకుండానే లక్ష జనాభా ఉన్న పట్టణంలో ఇంటింటి నుంచీ తడి, పొడి విడివిడిగా తీసుకునే ఏర్పాటు చేశారు. తడి చెత్త వర్మీ కంపోస్టు అయింది, పొడి చెత్త అమ్ముడైంది. దేశంలోని ఎన్నో పట్టణాల వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. ఇక్కడికి దగ్గరలోనే, బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో మిగిలిపోయిన కూరలతో రోజుకు పది టన్నుల సామర్థ్యమున్న బయోగ్యాస్ కేంద్రం పెట్టారు. ఆ గ్యాసుతో రోజుకు దాదాపు 500 యూనిట్ల కరెంటు తీస్తారు, మార్కెట్ క్యాంటీన్‌లో పొయ్యి వెలిగిస్తారు. సాంకేతికత తార్నాకలోని ఐఐసీటీ అనే పరిశోధన సంస్థది. నాలుగు, అయిదు తరగతుల పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్లదగిన చోటు అది. సిద్దిపేటలో అయితే చెత్త గురించి నేర్పడానికే ‘స్వచ్ఛ బడి’ ఉంది. అక్కడ పాఠాలు పెద్దవాళ్లకూ చెబుతారు.

ఇక రహమత్ నగర్ సంగతి. ఇది రాతి గుట్ట మీద పెరిగిన బస్తీ. ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి. కార్మిక నగర్, బోరబండ, కృష్ణానగర్ వైపూ అంతే. ఇలాంటి చోట బడి ఆవరణ అంటే కొంచెం సిమెంటు నేల, అదృష్టముంటే ఒక వేపచెట్టో కానుగ చెట్టో. కంపోస్టు గుంత తవ్వమనే పుస్తకాల సలహా ఇక్కడ చెల్లదు, గునపం వేస్తే రాయి తగులుతుంది. అందుకే డ్రమ్ములు కావాలి. రెండు పాత ప్లాస్టిక్ డ్రమ్ములు, పక్కలంతా చిన్న రంధ్రాలు, అడుగున ఇటుక ముక్కలు. ఒకటి నిండుతుంటే మరొకటి మాగుతుంది.

దీని వెనకున్న లెక్క తేలికే. ఎరువు తయారు చేసేది సూక్ష్మజీవులు. వాటికి బలం కోసం కార్బన్, ఒళ్లు పెంచుకోవడానికి నత్రజని కావాలి, సుమారు 30 పాళ్లకు ఒక పాలు. ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ, కూరగాయ తొక్కల్లో నత్రజని ఎక్కువ. ఒక బుట్ట తడి చెత్త వేస్తే దాని మీద రెండు బుట్టల ఎండుటాకులు. మొదట్లో పుల్లటి మజ్జిగో, పాత ఎరువో కొంచెం కలపాలి. వారానికోసారి కర్రతో తిరగేస్తే గాలి ఆడుతుంది. పెద్ద కుప్పల్లో వేడి 60 డిగ్రీల దాకా పోతుంది. డ్రమ్ములో అంత ఉండదు గానీ చెయ్యి దగ్గర పెడితే వెచ్చదనం తెలుస్తుంది. అన్నంలో ఉప్పు, నూనె ఉంటాయి కాబట్టి కొద్దికొద్దిగానే వేయాలి, ఆకులు ఎక్కువ కలపాలి. కుళ్లు వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం, ఆకులు వేస్తే పోతుంది. లావుపాటి తెల్ల పురుగులు కనిపిస్తే టీచర్లు భయపడి డ్రమ్మును బయట పారేయిస్తుంటారు. చాలాసార్లు అవి నల్ల సైనిక ఈగ పిల్లలు, చెత్తను తినేవే తప్ప మనకు హాని చేసేవి కావు. రెండు నెలలకు అటూ ఇటూగా వానమట్టి వాసన వచ్చే నల్లని ఎరువు చేతికొస్తుంది.

మరి ఎండుటాకులు ఎక్కణ్నుంచి? రోడ్ల పక్కన ఊడ్చి తగలబెడుతున్నవి చాలు. జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ పార్కు 1998లో జాతీయ ఉద్యానవనమైంది. ఆకు మట్టిగా ఎలా మారుతుందో తెలియాలంటే పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకెళ్లి చెట్ల కింద ఆకుల పొరను చూపించాలి. పైన ఎండుటాకు, దాని కింద చివికినది, ఇంకా కింద మట్టి. మూడు మెట్లూ ఒకేచోట కనిపిస్తాయి. ఏ పాఠ్యపుస్తకం బొమ్మా అంత స్పష్టంగా చెప్పలేదు. ఆ పార్కు నుంచి మాత్రం ఒక్క ఆకు కూడా తేకూడదు, అది ఆ చెట్ల ఆహారం.

పొడి చెత్తలో కాగితం సులువు. అయిపోయిన నోటుపుస్తకాలు, పాత పేపర్లు తడవకుండా ఒక సంచిలో దాస్తే నెలకోసారి పాత సామాన్ల దుకాణం వాళ్లే వచ్చి తూకం వేసుకుంటారు. కాగితంలోని పోగులు ప్రతిసారీ పొట్టివవుతాయి కాబట్టి అయిదు నుంచి ఏడుసార్ల దాకా మాత్రమే మళ్లీ కాగితం చేయగలరు. అందుకే అమ్మే ముందు రెండో వైపు రాయించడం ముఖ్యం. పాల ప్యాకెట్లు కడిగి ఆరబెడితే అమ్ముడవుతాయి. కత్తిరించిన చిన్న మూల ముక్క మాత్రం ఎవరికీ దొరకదు, కాలువలోకి పోతుంది. దాన్ని పూర్తిగా కోయకుండా వేలాడేలా కోయడం పిల్లలు ఇంట్లో అమ్మకు నేర్పగల సంగతి.

కష్టమంతా అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్‌తోనే. లోపల వెండిలా మెరిసేది అల్యూమినియం పూత, దానికి అటూ ఇటూ ప్లాస్టిక్ పొరలు. వాటిని విడదీసి వాడటం గిట్టుబాటు కాదు కనుక ఎవరూ కొనరు. మహా అయితే సిమెంటు బట్టీలో ఇంధనంగా కాలుతుంది. 2022 జూలై 1 నుంచి అమలైన ఒకసారి వాడే ప్లాస్టిక్ నిషేధంలో స్ట్రాలు, స్పూన్లు, ప్లేట్లు ఉన్నాయి గానీ ఈ ప్యాకెట్లు లేవు. బడి దీన్ని రీసైకిల్ చేయలేదు. లెక్కపెట్టగలదు. వారం రోజులు తరగతివారీగా ప్యాకెట్లు లెక్కించి బోర్డు మీద దిమ్మె చిత్రం గీస్తే నాలుగో తరగతి గణితమూ అవుతుంది, పల్లీపట్టీ కొనుక్కుందామా అనే చర్చా మొదలవుతుంది.

కొలిచి చూడడం నేర్పే పద్ధతులు ఇప్పటికే నడుస్తున్నాయి. 1994లో ఐరోపాలో మొదలైన ఎకో స్కూల్స్‌లో పిల్లలు ముందు తమ బడిని తామే పరిశీలించి తర్వాతే ఏం చేయాలో తేలుస్తారు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ నడిపే గ్రీన్ స్కూల్స్ కార్యక్రమంలో చెత్త, నీరు, తిండి, కరెంటు అన్నీ పిల్లలే తూచి రాస్తారు. పర్యావరణ విద్యను అన్ని స్థాయిల్లో తప్పనిసరి చేయాలని 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో మొదలైన నేషనల్ గ్రీన్ కోర్‌తో బడుల్లో ఎకో క్లబ్బులు వచ్చాయి. చాలా చోట్ల వాటికి రిజిస్టరు ఉంది, తూకం లేదు. ఒక చిన్న స్ప్రింగ్ త్రాసుతో ఈ లోటు తీరుతుందంటే అతిశయోక్తి కాదు.

ఒక విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. పిల్లలచేత వీధిలో చెత్త ఏరించకూడదు. గువాహటి దగ్గర 2016లో మొదలైన అక్షర్ స్కూల్ ఫీజుకు బదులు ఇంట్లో పోగైన ప్లాస్టిక్‌ను శుభ్రం చేసి తెమ్మంది. ఊరంతా చలికి ప్లాస్టిక్ కాల్చుకునేచోట అది ఇంటి అలవాటును మార్చింది. మన బస్తీలో పరిస్థితి వేరు. ఇక్కడ బడికి వచ్చే పిల్లల్లో ఊడ్చే పని, చిత్తుకాగితాలు ఏరే పని చేసే తల్లుల బిడ్డలు ఉండొచ్చు. చెత్త ముట్టుకోవడం శిక్షగానో ఎగతాళిగానో మారితే ఆ బిడ్డ తలెత్తుకోలేదు. అదే తల్లిని తరగతికి పిలిచి, ఏ ప్లాస్టిక్ ఏ ధర పలుకుతుందో, చేత్తో నలిపి శబ్దాన్నిబట్టి ఎలా గుర్తుపడతారో చెప్పమంటే పరిస్థితి తిరగబడుతుంది. ఆ విద్య టీచరుకు లేదు. అలాగే ఈ చుట్టుపక్కల సినిమా సెట్లు వేసే వడ్రంగులు, పెయింటర్లు, లైట్‌మెన్ ఉంటారు. థర్మోకోల్‌తో ఒక రాజమహల్ ఎలా లేస్తుందో, షూటింగ్ అయ్యాక ఏది మళ్లీ వాడతారో ఏది పారేస్తారో వాళ్ల నోట వింటే పిల్లలకు సరుకు ఆయుష్షు అర్థమవుతుంది.

ఇలాంటి పనులు ఆగిపోయేది సాధారణంగా ఏప్రిల్ చివర్లో. సెలవులిస్తారు, చూసేవాళ్లుండరు, డ్రమ్ము ఎండిపోతుంది లేదా కంపు కొడుతుంది. జూన్ 12న బడి తెరిచేసరికి అందరికీ విసుగు. దీనికి మందు ఉంది. ఆఖరి పక్షంలో కొత్త తడి చెత్త వేయడం ఆపి, బాగా తిరగేసి, పైన జానెడు ఎండుటాకులు, కొంచెం మట్టి పరిచి, నీడన పెట్టి, వారానికోసారి చెంబెడు నీళ్లు చల్లమని ఆయాకో పక్కింటివాళ్లకో అప్పగించాలి. వేసవి వేడికి లోపల పని మరింత త్వరగా జరుగుతుంది. బడి తెరిచే వారానికి ఎరువు జల్లెడ పట్టడానికి సిద్ధంగా ఉంటుంది. అప్పుడే తొలకరి కూడా. పాత తట్టల్లో పాలకూర, మెంతికూర చల్లుకోవడానికి అదే అదను.